మోగని తొమ్మిదో గంట

పాత బస్సు డిపో వెనక సందులో ఒక వీడియో ఆటల కొట్టు ఉండేది. షట్టరు దించేసి పదకొండేళ్ళు. పగలు చూస్తే భయపడటానికి ఏమీ లేదు. తుప్పు పట్టిన షట్టరు, దాని మీద ఒకదాని మీద ఒకటి అంటించిన పోస్టర్లు, గుమ్మం ముందు ముడుచుకుని పడుకున్న ఒక కుక్క. రాత్రయితే మాత్రం ఆ కుక్క కూడా అక్కడ పడుకునేది కాదు.

షట్టరు కింది సందులోంచి నీలంగా వెలుగు వచ్చేది. కొన్ని రాత్రులు చప్పుడు కూడా వచ్చేది. ఎవరో చిన్న చిన్న అడుగులతో పరుగెత్తుతున్నట్టు... టకటకటక... ఒక్క గెంతు... వెంటనే ఒక గంట. మళ్ళీ పరుగు, మళ్ళీ గెంతు, మళ్ళీ గంట.

అలా ఎనిమిది గంటలు మోగేవి. ఎనిమిదోది మోగాక పరుగు ఆగిపోయేది. చాలాసేపు ఏమీ వినిపించేది కాదు. ఆ తర్వాత — ఎవరో లోతులోకి జారిపోతున్నట్టు సన్నటి కూత. అంతే.

"తొమ్మిదోది ఎవరైనా విన్నారా?" అని అడిగితే, "విన్నవాడు చెప్పడానికి మిగలాలి కదండీ!" అనేవారు ఆ సందువాళ్ళు.

పాల వ్యాను డ్రైవరు ఒకాయన ఉండేవాడు. దెయ్యాలూ లేవు, గాడిద గుడ్డూ లేదు అని నలుగురిలో గట్టిగా అనేవాడు. తెల్లవారుజామున పాలు దించాల్సి వస్తే మాత్రం ఆ సందు వదిలేసి రెండు వీధులు చుట్టు తిరిగి వెళ్ళేవాడు. ఎందుకయ్యా అంటే, "అటు రోడ్డు బాగుంటుందండీ" అనేవాడు. అటు రోడ్డులో ఉన్నన్ని గుంతలు నా తల మీద వెంట్రుకలు లేవు.

ఈ కథ నాకు చెప్పింది మెకానిక్. మా బడికి రెండిళ్ళ అవతల రిపేరు కొట్టు అతనిది. టీవీలు, మిక్సీలు, గోడ గడియారాలు, ఇంకెవరూ ముట్టుకోని పాత సామాను ఏదైనా సరే అతని బల్ల మీదికి రావాల్సిందే. మా బడి కంప్యూటరు బాగుచేయడానికి వచ్చినప్పుడల్లా కాసేపు కూర్చుంటాడు. నేను పిల్లలకి చెప్పే మాట ఒకటి అతనికి తెలుసు. చీకట్లో ఏదైనా వెలిగితే, మోగితే, కెవ్వున అరవకండిరా, ముందు వైరు ఎటు పోతుందో చూడండి, కారణం ఆ చివర ఉంటుంది — అని.

"మాస్టారూ, మీ వైరు మాట నన్ను ఒక రాత్రి సగం కాపాడింది" అన్నాడు ఒకరోజు.

"మిగతా సగం?"

"మిగతా సగం... వినండి మరి."

నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం అతని కొట్టుకి టైలరమ్మ వచ్చింది. ఆ ఆటల కొట్టు పైన గదిలో ఉంటూ బట్టలు కుట్టేది ఆవిడే. కొట్టు ఆవిడ అన్నగారిది. కుర్రాళ్ళందరూ ఆయన్ని ఛాంపియన్ అనేవారు. ఆయన పోయాక షట్టరు దింపిందీ, తాళం దగ్గర పెట్టుకున్నదీ ఈవిడే.

"బాబూ, కొట్లో ఒక యంత్రం ఉంది. కరెంటు ఆగకుండా దాన్ని అక్కణ్ణుంచి తీయగలవా?"

"ఆగకుండా ఎందుకమ్మా? ప్లగ్గు పీకి, మోసుకొచ్చి, మళ్ళీ పెడితే సరిపోతుంది."

"అలా పీకితే మా అన్నయ్య పోతాడు."

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

ఆవిడ విప్పి చెప్పింది. అది దీపాల ఆట. మీలో ముప్పై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. చేతిలో కాగడా పట్టుకున్న చిన్న మనిషి ఎడమ నుంచి కుడికి పరుగెడుతూ స్తంభాల మీద దీపాలు వెలిగిస్తూ పోతాడు. మధ్య మధ్య గుంటలు. గుంట దాటితే గంట. దాటిన దారి తెర వెనక్కి పోతుంది, మళ్ళీ రాదు. వాడికి వెనక్కి తిరగడం లేదు. ఇప్పుడు మా పిల్లల ఫోన్లలో పరుగెత్తి గెంతే బొమ్మలన్నిటికీ వాడే ముత్తాత. వాడి బొమ్మ వేసిన చొక్కాలు నెరిసిన గడ్డాలవాళ్ళు కూడా తొడుక్కుని తిరుగుతున్నారు.

ఆట అయిపోయాక ఎక్కువ అంకె వచ్చినవాళ్ళు మూడు అక్షరాల్లో తమ పేరు పెట్టుకోవచ్చు. ఛాంపియన్ పేరు అన్నిటికన్నా పైన ఉంది. అరవై రెండు వేల నాలుగు వందలు. ఆయన ఆడిన చివరి ఆట అదే. కానీ ఆ రోజుల్లో యంత్రాలకి జ్ఞాపకం కరెంటు ఉన్నంతసేపే. స్విచ్ ఆపేస్తే పేర్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

"బిల్డింగు అమ్మేశారు బాబూ. రేపు పొద్దున ఆరింటికి కరెంటు వాళ్ళొచ్చి వైరు కోసేస్తారు. నాకు దొరికిన గది మూడో అంతస్తు. ఈ యంత్రం అక్కడికి ఎక్కదు. నీ కొట్లో ఒక మూల పెట్టుకో. ఆడుకో, అద్దెకిచ్చుకో, నీ ఇష్టం. ఆ పేరు మాత్రం పోకూడదు."

"పదకొండేళ్ళుగా అలాగే ఉందా అమ్మా?"

"ఉంది" అంది ఆవిడ, బల్ల మీది గడియారాల వైపు చూస్తూ.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ కథ చెబుతుంటే మా ఆరో తరగతి పిల్ల ఒకతి టక్కున లేచి అడిగింది. పాతికేళ్ళు కరెంటుతో పనిచేసిన మెకానిక్‌కి మాత్రం ఆ రోజు తట్టలేదు. అదేమిటో నేను ఇప్పుడు చెప్పను.

రాత్రి పదింటికి అతను షట్టరు పైకెత్తి లోపలికి వెళ్ళాడు. భుజాన బ్యాటరీ పెట్టె, చేతిలో టార్చి. తెల్లవారి అయిదుకి బండి రమ్మన్నాడు. సందులో ఎవరైనా చూస్తే దొంగ అనుకుంటారని షట్టరు మళ్ళీ కిందికి లాగాడు.

లోపల ఎలుకల వాసన. గోడల వెంట బీరువాల్లా నిలబడ్డ పది యంత్రాలు, అద్దాల నిండా దుమ్ము. ఒక గోడ మీద ఛాంపియన్ చేత్తో రాసిన అట్ట: "ఓడిపోతే యంత్రాన్ని తన్నకండి. అది మిమ్మల్నేమీ అనలేదు." మెకానిక్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతులోనే ఉంది...

చిట్టచివర ఒక్క యంత్రం వెలుగుతోంది. తెర మీద కాగడా మనిషి పరుగెడుతున్నాడు. ముందు ఎవరూ లేరు. ఆట ఆడే పిడి కదలడం లేదు.

కెవ్వున అరవబోయాడు. అప్పుడు నా మాట గుర్తొచ్చిందట. టార్చి కిందికి దించి వైరు వెతికాడు. యంత్రం వెనక నుంచి నేల మీదుగా గోడ దాకా, గోడ మీద స్విచ్ దాకా. అంతా సవ్యంగానే ఉంది. భయం దిగింది. బుర్ర పనిచేసింది. ఎవరూ ఆడనప్పుడు ఈ యంత్రాలు తమంతట తామే కాసేపు ఆడి చూపిస్తాయి, వచ్చేపోయేవాళ్ళని పిలవడానికి. నేర్పిన ఆటే మళ్ళీ మళ్ళీ. తెర మీది మనిషి ఒక గుంట దాటాడు, రెండోది దాటాడు, మూడోదాంట్లో పడిపోయాడు. మళ్ళీ మొదటి నుంచి. ఒకటి, రెండు, మూడోదాంట్లోకి...

"ఇదా మీ దెయ్యం!" అనుకున్నాడు మెకానిక్.

అనుకున్నాడు కానీ, రెండు నిమిషాలు గడిచాక ఒక సంగతి తట్టింది.

యంత్రం తనకు తాను ఆడేటప్పుడు చప్పుడు చేయదు. ఇప్పుడూ చేయడం లేదు. మూడో గుంటే దాటదు. మరి సందులో వాళ్ళు వినే ఎనిమిది గంటలు... ఎవరివి?

టార్చి అటూ ఇటూ తిప్పాడు. యంత్రం ముందు ఒక స్టూలు. కొట్లో అన్నిటి మీదా వేలెడు దుమ్ము. స్టూలు మీద మాత్రం లేదు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు నున్నగా మెరుస్తోంది.

పైన టైలరమ్మ మిషను కుట్టు చప్పుడు గడగడా వినిపిస్తోంది. ఆ చప్పుడే ధైర్యం అనుకుని పనిలోకి దిగాడు. తెర మీదికి పేర్ల పట్టీ వచ్చింది. పైన ఛాంపియన్ మూడక్షరాలు, అరవై రెండు వేల నాలుగు వందలు. కింద తొమ్మిదీ కంపెనీ వాళ్ళు ముందే నింపి పంపిన ఉత్తుత్తి పేర్లు. అంత గిరాకీ ఉన్న కొట్లో రెండో మనిషి పేరు ఒక్కటీ లేదేమిటి అని ఒక్క క్షణం అనిపించింది. ఆగి ఆలోచించలేదు.

యంత్రం వెనక తలుపు తెరిచి, లోపలి బోర్డుకి బ్యాటరీ తగిలించి, ఆ తర్వాతే గోడ ప్లగ్గు పీకాలి. పథకం అది. ఇంట్లో కాగితం మీద బొమ్మ కూడా వేసుకున్నాడు.

కానీ మెకానిక్‌కి పని నేర్పిన మేస్త్రి మొట్టమొదటి రోజు నెత్తిన మొట్టి నేర్పింది ఒకటే — ఏ యంత్రం వెనక తలుపు తీసినా, చెయ్యి లోపల పెట్టే ముందు స్విచ్ ఆపు. పాతికేళ్ళుగా ఆ చేతికి అదే అలవాటు. ప్రాణం కాపాడిన అలవాటు. కుడి చెయ్యి తలుపు తీసింది. ఎడమ చెయ్యి, తన పని తాను చేసుకున్నట్టు, గోడ మీదికి వెళ్ళి...

టప్.

గది చీకటైంది.

తనేం చేశాడో తెలియడానికి ఒక ఊపిరి కాలం పట్టింది. ఆదరాబాదరాగా మళ్ళీ నొక్కాడు. యంత్రం లేచే పాట పెద్దగా మోగింది. తెర వెలిగింది. పట్టీ వచ్చింది. పైన ఛాంపియన్ లేడు. పదీ ఉత్తుత్తి పేర్లే.

పైన కుట్టు మిషను ఆగిపోయింది.

"నా చేత్తో ఒక మనిషిని తోసేసినట్టు అయింది మాస్టారూ" అన్నాడు మెకానిక్.

అప్పుడతనికి వచ్చిన ఆలోచన చెప్పడానికి సిగ్గుపడ్డాడు. తనే ఆడి, అంత అంకె తెచ్చి, ఆ మూడక్షరాలు పెట్టేస్తే? ఆవిడకేం తెలుస్తుంది? స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి గుంటలో పడ్డాడు. మళ్ళీ ఆడాడు. రెండోది దాటాడు. మూడోదాంట్లో పడ్డాడు. పన్నెండు దాటింది. ఒంటిగంట దాటింది. వేళ్ళు కమిలిపోయాయి. మూడో గుంట దాటలేదు. యంత్రమూ తనూ ఒకే చోట చస్తున్నారు.

లేచి, టార్చి ఆర్పి, ఒక చచ్చిన యంత్రం పక్కన నేల మీద కూలబడ్డాడు. పొద్దున ఆవిడ మొహం ఎలా చూడాలి...

కిర్రుమంది.

షట్టరు వైపు కాదు. లోపలి నుంచి. గోడ అనుకున్న చోట, యంత్రాల వెనక... ఏదో తెరుచుకుంది.

అడుగులు. మెత్తగా, దారి తెలిసిన అడుగులు. దీపం లేదు. చీకట్లో ఒక ఆకారం వచ్చి స్టూలు మీద కూర్చుంది. భుజాల మీద మగవాళ్ళ కోటు, చేతులు మునిగిపోయేంత పెద్దది. మొహం కనబడటం లేదు. కాలరు మీద మాత్రం నీలం వెలుగు.

మెకానిక్ ఆ చచ్చిన యంత్రానికి మరింత ఆనుకుపోయాడు.

టకటకటక... గెంతు... గంట.

ఆ ఆట అతను ఎప్పుడూ చూడలేదు. తొందర లేదు, తడబాటు లేదు. తెర మీది మనిషి గుంట అంచు దాకా వెళ్ళి, ఒక్క క్షణం ఆగి, గాలిలోకి లేచి, అవతలి అంచున పువ్వులా దిగుతున్నాడు. మూడో గంట. నాలుగో గంట. ఒక్క దీపం వదలడం లేదు. ఆరు. ఏడు.

ఎనిమిది.

ఆకారం రెండు చేతులూ పిడి మీద నుంచి ఎత్తేసింది. ఒళ్ళో పెట్టుకుంది.

తొమ్మిదో గుంట ముందు కాగడా మనిషి ఒక్కడే నిలబడ్డాడు. వాడికిచ్చిన సమయం తరిగిపోతోంది. ఆకారం కదలడం లేదు. సమయం అయిపోయింది. సన్నటి కూతతో వాడు కూలిపోయాడు. మిగిలిన ప్రాణాలు కూడా అలాగే, చేతులు ఒళ్ళోనే పెట్టుకుని వదిలేసింది. చివరికి అంకె తేలింది.

అరవై రెండు వేల నాలుగు వందలు.

ఒక్కొక్క అక్షరం... మూడు అక్షరాలు. పైన ఛాంపియన్.

మెకానిక్ పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఆ చప్పుడుకి ఆకారం, వెనక్కి తిరగకుండానే, నెమ్మదిగా అంది:

"చలేస్తోందా బాబూ? ఆ మూల నేల బాగా చల్లగా ఉంటుంది. లేచి ఇటు రా."

టైలరమ్మ గొంతు.

అతను పాకుతూ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా... నేనే... చెయ్యి అలవాటున..."

"తెలుసు. యంత్రం లేచే పాట పైకి వినబడుతుంది. ఈ నెలలో ఇది ఏడోసారి."

"ఏడోసారా?"

"మరి! పదకొండేళ్ళు కరెంటు పోకుండా ఉంటుందా? ట్రాన్స్‌ఫార్మరు తీస్తుంది, గాలివాన తీస్తుంది. ఇవాళ నువ్వు తీశావు."

మా ఆరో తరగతి పిల్ల అడిగిన ప్రశ్న అదే.

"పోయినప్పుడల్లా వెనక మెట్ల మీంచి దిగొచ్చి మళ్ళీ పెడతాను. మొదట్లో రెండేళ్ళు నాకూ చేతకాలేదు. పేరు లేకుండానే ఉండేది. తర్వాత వేళ్ళకి వచ్చింది."

"ముందే చెప్పొచ్చు కదమ్మా! నా ప్రాణం పోయింది."

"ఏమని చెప్పను? అన్నయ్య పేరు నేనే రాస్తున్నానని చెప్పనా? దొంగ సంతకం లాంటిది కదా అది."

మెకానిక్ తల దించుకున్నాడు. "నేనూ పెట్టబోయాను."

"చూశాను, తలుపు సందులోంచి. ఏం ఆట బాబూ అది! కళ్ళకి గంతలు కట్టుకుని కుట్టినా అంతకంటే సూటిగా వస్తుంది." ఆవిడ నవ్వింది.

"ఇంత బాగా ఆడుతూ ఎనిమిది దగ్గర ఎందుకు ఆపేశారమ్మా? తొమ్మిదోది మీకో లెక్కా?"

ఆవిడ కోటు చేతులు మడిచింది.

"ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. అన్నయ్య ఎనిమిదోది దాటాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని లేచాడు. 'చెల్లీ, కాస్త చూస్తుండు, వచ్చి దాటతాను' అన్నాడు. నన్ను ఆడమనలేదు, చూస్తుండమన్నాడు. చూస్తూ కూర్చున్నాను. సమయం అయిపోయింది. బొమ్మ పడిపోయింది. నేనే పేరు పెట్టాను. ఆసుపత్రి నుంచి అన్నయ్య తిరిగి రాలేదు." పిడిని ఒకసారి నిమిరింది. "తొమ్మిదోది అన్నయ్యది బాబూ. నేను ముట్టుకోను."

తెల్లవారి యంత్రం మెకానిక్ కొట్టుకి వచ్చింది. బ్యాటరీ గీటరీ ఏమీ లేదు, ఆవిడే ప్లగ్గు పీకింది. సాయంత్రం ఆవిడే వచ్చి పేరు పెట్టింది. తర్వాత ఏడు నెలల పాటు రోజూ వచ్చి అతనికి నేర్పింది. "గెంతడానికి తొందరపడకు, ముందు ఆగడం నేర్చుకో" అనేదట. ఇప్పుడు ఆవిడ వేళ్ళు సూది కూడా పట్టుకోలేవు. మోకాళ్ళు మూడో అంతస్తు దిగనివ్వవు. కరెంటు పోయి వచ్చిన రాత్రి మెకానిక్ కొట్టు తలుపు వేసుకుని కూర్చుంటాడు. ఎనిమిది గంటలు మోగిస్తాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు.

ఇంకేముంది, మా వీధికీ పేరొచ్చింది. పిల్లలు పొద్దుగూకితే ఆ కొట్టు ముందు నుంచి నడవరు. నేను నడిపిస్తాను. వైరు చూపిస్తాను. ఈ కథ చెబుతాను. నవ్వుకుంటూ ఇళ్ళకి పోతారు.

ఇప్పటిదాకా చెప్పింది పిల్లలకి చెప్పే కథ. వాళ్ళకి చెప్పనిది ఒకటి ఉంది.

పోయిన మంగళవారం మెకానిక్ కూతురి పురిటికని ఊరెళ్ళాడు. కొట్టు తాళంచెవి నాకిచ్చాడు. దానికి ఇంకో చెవి లేదు. వెనక తలుపూ లేదు, మూడు వైపులా గోడలే. ఆ రాత్రి గాలివానకి కరెంటు పోయి, పదకొండు దాటాక వచ్చింది. అతను ఫోన్ చేశాడు. "మాస్టారూ, పేరు పోయే ఉంటుంది, ఫరవాలేదు, వచ్చాక పెడతాను. వాన నీళ్ళు లోపలికి రాలేదు కదా, ఒక్కసారి చూడండి."

గొడుగు వేసుకుని వెళ్ళాను. తలుపు కింది నుంచి నీలం వెలుగు. యంత్రం తనంతట తాను ఆడుకుంటోంది అనుకున్నాను. చెవి తాళంలో పెట్టబోయాను...

టకటకటక. గెంతు. గంట.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాఠం చెప్పేవాడికి లెక్కపెట్టడం అలవాటు. లెక్కపెట్టాను. నాలుగు... అయిదు... తాళం వేసే ఉంది. ఆరు... చెవి నా వేళ్ళ మధ్యే ఉంది.

ఏడు.

ఎనిమిది.

ఇక ఆగాలి. ఆవిడైనా ఆగుతుంది, అతనైనా ఆగుతాడు. వానలో తడుస్తూ, ఊపిరి బిగబట్టి, ఆ నిశ్శబ్దం కోసం ఎదురుచూశాను. వైరు వెతకలేదు.

పరుగు ఆగలేదు.

తొమ్మిదోది మోగింది.